సెమిస్టర్ మారింది, పిల్లలు వాళ్లే: ఈసారి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది.

ఆమె హైస్కూల్ టీచర్. ఉద్యోగంలో చేరి ఒక్క సెమిస్టరే అయింది. మూడు సెక్షన్లకు ఇంగ్లిష్, రెండు సెక్షన్లకు హ్యుమానిటీస్ చెబుతారు. అందరూ కలిపి 148 మంది పిల్లలు. మొదటి సెమిస్టర్‌లో వారానికో ఎస్సే రాయించారు. దిద్దలేక కట్టలు పేరుకుపోయి, పేపర్లు మూడు వారాలు ఆలస్యంగా పిల్లల చేతికి వెళ్లాయి. వాళ్లు మార్కు చూసుకుని బ్యాగులో పడేశారు తప్ప, పక్కన ఎర్రసిరాతో రాసింది చదవలేదు. రోజుకు 40 పేజీలు చదువుకుని రమ్మంటే సగం మంది చదవకుండానే వచ్చేవారు. చర్చ పెడితే ఎప్పుడూ ఆ నలుగురైదుగురే మాట్లాడేవారు. ఆలస్యంగా ఇచ్చిన పనికి రోజుకు 10 శాతం కోత పెట్టారు. సెమిస్టర్ చివరికి మార్కుల పట్టిక సున్నాలతో నిండింది. ఇవి చాలవన్నట్టు, ఒక అబ్బాయి తన ఎస్సేని ఏఐతో రాయించాడేమో అనిపించి, తరగతిలో అందరి ముందే అడిగారు. అతను ఏడ్చాడు, తనే రాశానన్నాడు. నిజమేమిటో తేలలేదు. ఆ తర్వాత అతను ఆమె క్లాసులో నోరు విప్పలేదు.

ఇంకో పది రోజుల్లో కొత్త సెమిస్టర్. 18 వారాలు, అవే సెక్షన్లు, అదే పిల్లలు. "మొదటి నెల మొహం మీద నవ్వు కనిపించనివ్వకు, అప్పుడే పట్టు చిక్కుతుంది" అని ఒక సీనియర్ చెప్పారట. "మొదటి వారం పాఠం జోలికే పోకు, ఆటలాడించు, దగ్గరవుతారు" అని మరొకరు. ఆమెకేమో సిలబస్ మొత్తం తిరగరాయాలని ఉంది. "ఈ మూడింటిలో ఏది చేయాలి? అసలు నేను ఈ పనికి పనికొస్తానా?" అని అడిగారు.

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, దానికి జవాబు మీ ఉత్తరంలోని అంకెల్లోనే ఉంది. 148 ఎస్సేలు, ఒక్కోదానికి పది నిమిషాలు అనుకుంటే 1480 నిమిషాలు, అంటే 24 గంటల 40 నిమిషాలు. వారానికి. పాఠాలు చెప్పే గంటలు, వాటికి తయారయ్యే గంటలు దీనికి అదనం. ఎంత అనుభవమున్న టీచరైనా ఈ లెక్క దగ్గర చేతులెత్తేయాల్సిందే. కాబట్టి గడిచిన సెమిస్టర్‌ని చూసి మీ సామర్థ్యాన్ని కొలుచుకోకండి. మీరు నెత్తికెత్తుకున్న పని మోతాదే తప్పింది.

మీరు రాసినవి ఐదారు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, విప్పి చూస్తే చాలావరకు రెండు చోట్ల నుంచే మొదలయ్యాయి. మీరు దిద్దగలిగినదానికంటే ఎక్కువ రాయించారు, పిల్లలు చదవగలిగినదానికంటే ఎక్కువ చదవమన్నారు. మొదటిదాని వల్ల పేపర్లు ఆలస్యమయ్యాయి. మూడు వారాల తర్వాత వచ్చిన వ్యాఖ్య ఏ వాక్యం గురించో పిల్లలకు గుర్తు కూడా ఉండదు. పైగా టీచరే పేపర్లు ఆలస్యంగా ఇస్తుంటే, గడువు అన్న మాటకే వాళ్ల దృష్టిలో బరువు తగ్గుతుంది. రెండోదాని వల్ల చదవకుండా వచ్చారు. చదవని పిల్లలు చర్చలో ఏం మాట్లాడతారు? అందుకే చదివిన నలుగురైదుగురే మాట్లాడారు. ఆ అబ్బాయి విషయం మాత్రం వీటితో ముడిపెట్టలేం. దాన్ని విడిగా చూద్దాం.

సిలబస్ మొత్తం తిరగరాయాలన్న కోరిక అర్థమవుతుంది, కానీ దానివల్ల ఏమవుతుందో చూడండి. పది రోజుల్లో మహా అయితే మూడు నాలుగు వారాల పాఠాలు బాగా తయారవుతాయి. ఐదో వారం నుంచి మళ్లీ రాత్రికి రాత్రి తయారవడమే. పాతవాటిలో ఏది ఎక్కడ దెబ్బతింటుందో మీకు ఇప్పటికే తెలుసు. కొత్తవాటి తప్పులు మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాలి. పాఠ్యాంశాలు అలాగే ఉంచి, రాయించే మోతాదు, చదివించే మోతాదు, పీరియడ్ నడిచే తీరు, ఈ మూడే మారిస్తే నాలుగైదు రోజుల్లో పని పూర్తవుతుంది. మిగిలిన రోజులు మీరు విశ్రాంతి తీసుకోవచ్చు. తీసుకోవాలి కూడా.

ముందు దిద్దుబాటు సంగతి. పిల్లలు రాసే ప్రతి కాగితాన్నీ టీచర్ దిద్దాలన్న నియమాన్ని వదిలేయండి. వారానికోసారి రాయడం మంచి అలవాటు, దాన్ని ఉంచండి. దిద్దేవి మాత్రం తగ్గించండి. మీ 18 వారాల్లో మొదటి రెండు వారాలు, చివరి వారం పక్కన పెడితే 15 వారాలు ఉంటాయి. ఐదు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కి మూడు పెద్ద ఎస్సేలు అంటే సరిగ్గా 15 కట్టలు. వారానికి ఒకే ఒక్క సెక్షన్ నుంచి పెద్ద ఎస్సే తీసుకునేలా గడువులు వేయండి. సగటున 30 పేపర్లు, ఒక్కోదానికి 8 నిమిషాలు అంటే నాలుగు గంటలు. అవి ఏడు రోజుల్లోపు తిరిగి ఇచ్చేయగలరు.

మిగతా వారాల్లో క్లాసులోనే 15 నిమిషాలు, ఒక పేజీ రాయించండి. వీటిని దిద్దకూడదు, చదవాలి. 30 కాగితాలు తీసుకుని, పెన్ను పక్కన పెట్టి, అడిగిన సంగతి పట్టుకున్నవి, సగం పట్టుకున్నవి, దారి తప్పినవి అని మూడు దొంతరలుగా వేయండి. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అన్నింట్లో కనిపించే ఒక్క లోపాన్ని ఎంచుకుని, మర్నాడు పది నిమిషాలు దాన్నే నేర్పండి. ఐదు సెక్షన్లకు కలిపి వంద నిమిషాలు. పెద్ద ఎస్సేలతో కలిపితే వారానికి ఆరు గంటల లోపే. ఈ పద్ధతిలో నష్టం కూడా ఉంది: చిన్న కాగితాలకు మార్కులు లేకపోతే కొందరు అశ్రద్ధగా గీకేస్తారు. దానికి విరుగుడుగా, ప్రతి అయిదు కాగితాల్లోంచి ఒకదాన్ని పిల్లలే ఎంచుకుని, తిరగరాసి, మార్కుల కోసం ఇచ్చేలా చేయండి. ఏది ఎంచుకుంటారో ముందే తెలియదు కాబట్టి అన్నీ ఒక మోస్తరుగానైనా రాస్తారు. తిరగరాసినవి పెద్ద ఎస్సేల్లో ఒకటిగా లెక్క వేసుకుంటే మీకు అదనపు కట్ట రాదు.

వ్యాఖ్యల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ శ్రమంతా వృథాగా పోయింది అక్కడే. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ కలిపి ఇచ్చి చూశారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ కలిపి ఇచ్చినప్పుడు ఆ లాభం కనిపించలేదు. మార్కు కనబడితే కళ్లు అక్కడే ఆగిపోతాయి. అందుకని పేపర్ మీద వ్యాఖ్య రాసి, మార్కు మీ పట్టికలో మాత్రం వేసుకోండి. పేపర్ ఇచ్చిన రోజు పీరియడ్‌లోనే పది నిమిషాలు కేటాయించి, ఆ వ్యాఖ్యను బట్టి ఒక పేరా మళ్లీ రాయించండి. మార్కు రెండు రోజుల తర్వాత చెప్పండి. ఏ రోజు చెబుతారో ముందే చెప్పకపోతే గొడవ అవుతుంది. ఇళ్ల నుంచి ఫోన్లు కూడా రావచ్చు. తేదీ బోర్డు మీద రాసి పెట్టండి. మీ స్కూల్లో మార్కులు ఫలానా రోజుకల్లా ఎక్కించాలన్న నియమం ఉంటే, మీ రెండు రోజులను దానికి ముందే సర్దుకోండి.

వ్యాఖ్య ఎలా ఉండాలి? ఒక పిల్ల ఇలా రాసిందనుకోండి: "ఈ పాత్ర చాలా ధైర్యవంతురాలు. ఎందుకంటే ఆమె దేనికీ భయపడదు." దీని పక్కన "ఆధారం ఏది?" అనో "ఇంకా వివరంగా" అనో రాయడం అందరికీ అలవాటు. ఆ పిల్లకు అది ఉపయోగపడదు, ఎలా వివరించాలో తెలియకే అలా రాసింది మరి. తాను ఒకే మాటను రెండుసార్లు చెప్పానని కూడా తనకు తెలియదు. బదులుగా ఇలా రాయండి: "ఆమె భయపడలేదని కథలో ఏ వాక్యం చదివాక నీకు అనిపించింది? ఆ వాక్యం ఇక్కడ పెట్టు. అందులో ఏ మాట నీకు ఆ సంగతి చెప్పిందో కింద ఒక్క వాక్యంలో రాయి." తర్వాత ఏం చేయాలో పనిగా చెప్పే వ్యాఖ్య ఇది. ఒక పేపర్‌కి ఇలాంటివి రెండు చాలు. స్పెల్లింగ్, వ్యాకరణం తప్పులన్నీ ఎర్రగా గీయకండి. మొదటి పేరాలో మాత్రం గుర్తుపెట్టి, మిగతావి ఆ పిల్లనే వెతుక్కోమనండి. ఎనిమిది నిమిషాల్లో పేపర్ పూర్తి కావాలంటే ఇలా వదిలేయక తప్పదు. వదిలేయడం వల్ల పిల్లలు నష్టపోరు కూడా, ఇరవై ఎర్ర గీతలు చూసిన పిల్లలు ఒక్కదాన్నీ సరిదిద్దుకోరు.

ఇక చదివించే మోతాదు. 40 పేజీలు ఎక్కువో కాదో ఊహించకండి, కొలవండి. మొదటి వారంలో మీరు చెప్పబోయే పుస్తకంలోంచే, బొమ్మలు లేని భాగం ఇచ్చి, పది నిమిషాలు మౌనంగా చదవమనండి. ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, ఎన్ని పేజీలయ్యాయో చిన్న చీటీ మీద రాసి ఇవ్వమనండి. "ఇది పోటీ కాదు, హోంవర్క్ ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి" అని ముందే చెప్పండి, లేకపోతే కొందరు పేజీలు తిప్పేసి ఎక్కువ రాస్తారు. పది నిమిషాల్లో ఐదు పేజీలు చదివేవాళ్లకు 40 పేజీలకు 80 నిమిషాలు పడుతుంది. మూడు పేజీలు చదివేవాళ్లకు రెండుంపావు గంటలకు కాస్త తక్కువ. మిగతా సబ్జెక్టుల హోంవర్క్ కూడా వాళ్లకు ఉంటుంది. తరగతిలో నెమ్మదిగా చదివేవాళ్లకు కూడా 40 నిమిషాల్లో పూర్తయ్యేలా ఇస్తే, మీ దగ్గర అది రోజుకు 12 పేజీలు కావచ్చు.

12 పేజీల చొప్పున అయితే సిలబస్ పూర్తి కాదని మీకు వెంటనే అనిపిస్తుంది. నిజమే, కాదు. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. ఒక పుస్తకాన్ని తీసేయవచ్చు. అయితే పరీక్షకు తప్పనిసరి అయినవేవో ముందు మీ విభాగంలో అడిగి తెలుసుకోవాలి. లేదా అన్ని పుస్తకాలూ ఉంచి, ఒక్కోదాంట్లో ముఖ్యమైన అధ్యాయాలు పూర్తిగా చదివించి, మధ్యలోవి మీరే ఒక పేజీ సారాంశంగా ఇవ్వవచ్చు. ఇలా చేస్తే కథ అందుతుంది గానీ, రచన నడక, ఒక పాత్ర నెమ్మదిగా మారే తీరు పిల్లల చేతికి రావు. మూడోది, క్లాసులోనే చదివించే సమయం పెంచడం. దానికి మీ ఉపన్యాసం తగ్గాలి. నన్నడిగితే మొదటిదే మేలంటాను. సగం సగం చదివిన నాలుగు పుస్తకాలకంటే నిండుగా చదివిన మూడు పిల్లల దగ్గర ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏ దారి పట్టినా ఒకటి మాత్రం చేయండి: ప్రతి కొత్త పుస్తకం మొదటి నాలుగైదు పేజీలు క్లాసులో మీరే పైకి చదవండి. పాత్రల పేర్లు, కాలం, కథ చెబుతున్నది ఎవరు, ఇవన్నీ గందరగోళపెట్టేది అక్కడే. చాలామంది పుస్తకం మూసేసేది కూడా అక్కడే.

చదివారా లేదా అని పట్టుకోవడానికి పెట్టే క్విజ్‌లు ఆపేయండి. "ఆమె గౌను రంగేమిటి" లాంటి ప్రశ్నలకు చదివిన పిల్లలు కూడా తప్పుతారు, సారాంశం చూసుకొచ్చినవాళ్లు మిగతావాటికి జవాబు రాసేస్తారు. పుస్తకం తెరిచి ఉంచి, "నిన్న చదివిన భాగంలో ఒక వాక్యం తీసేస్తే కథ మారిపోతుందనుకుంటే, ఏ వాక్యం? ఎందుకు?" అని ఐదు నిమిషాలు రాయించండి. చదవనివాళ్లు దొరికిపోతారు, కానీ ఆ ఐదు నిమిషాల్లోనే కొంత చదివేస్తారు కూడా. చర్చకు కావలసిన సరుకు కూడా ఇందులోనే తయారవుతుంది.

చర్చలో ఆ నలుగురైదుగురే మాట్లాడటానికి చదవకపోవడం సగమే కారణం. మిగతా సగం వేగం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని గుర్తించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్ల సంఖ్య పెరిగింది, "తెలియదు" అనడం తగ్గింది. మూడు సెకన్లు తక్కువనిపిస్తుంది గానీ, 30 మంది ముందు నిశ్శబ్దంగా నిలబడితే చాలా పెద్దగా ఉంటుంది. మనసులో లెక్కపెట్టుకోండి. పిల్లలు జవాబు చెప్పడం ఆపాక కూడా అంతే ఆగండి. తరచుగా అసలు సంగతి ఆ రెండో విడతలోనే వస్తుంది.

దీనికి తోడు, నోరు తెరిచే ముందు కాగితం. ప్రశ్న బోర్డు మీద పెట్టి రెండు నిమిషాలు రాయించండి, పక్కవాళ్లతో తొంభై సెకన్లు మాట్లాడనివ్వండి, అప్పుడు తరగతిని అడగండి. ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన ఈ పద్ధతి మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. అది చెడేది ఎక్కడంటే, జంటల మాటకు ఐదు నిమిషాలు ఇచ్చినప్పుడు. రెండో నిమిషానికే కబుర్లు మొదలవుతాయి. తర్వాత ఎవరిని పిలవాలి? చేయెత్తిన వాళ్లనే పిలిస్తే పాత కథే. పేరు పెట్టి పిలిస్తే అందరూ సిద్ధంగా ఉంటారు గానీ, నత్తి ఉన్న పిల్లలకు, బెదురు ఉన్న పిల్లలకు అది హింస. రాసిన కాగితాల మీదుగా మీరు బల్లల మధ్య తిరుగుతూ, "నీ రెండో వాక్యం బాగుంది, కాసేపాగి అది చదువుతావా?" అని మెల్లగా అడిగి పెట్టుకోవడం మధ్యేమార్గం. చాలామంది సరేనంటారు, ఎందుకంటే మాట అప్పటికే కాగితం మీద ఉంది, సరిగానే ఉందన్న భరోసా కూడా దొరికింది. కూర్చునే చోట్ల పటం ఒకటి క్లిప్‌బోర్డుకు పెట్టుకుని, మాట్లాడిన వాళ్ల గడిలో టిక్కు పెట్టండి. రెండు వారాల్లో ఖాళీ గడులు కళ్ల ముందు ఉంటాయి. ఒక చిన్న సంగతి: ఎవరు జవాబు చెప్పినా దాన్ని మీరు మళ్లీ గట్టిగా చెప్పకండి. టీచర్ ఎలాగూ చెబుతారని పిల్లలు ఒకరి మాట ఒకరు వినడం మానేస్తారు.

మీ రెండు హ్యుమానిటీస్ సెక్షన్లలో కాస్త వేరుగా మొదలుపెట్టండి. అక్కడ నిశ్శబ్దానికి ఇంకో కారణం ఉంటుంది: పాఠ్యపుస్తకంలో జవాబు రాసే ఉందని, చర్చించడానికి ఏమీ లేదని పిల్లలు అనుకుంటారు. మొదటి వారంలోనే ఒకదానికొకటి పొసగని రెండు పత్రాలు ఇవ్వండి. 1775 ఏప్రిల్ 19న, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజున, లెక్సింగ్టన్‌లో మొదటి తూటా ఎవరు పేల్చారన్నది దీనికి బాగా పనికొస్తుంది. బ్రిటిష్ సైన్యంలోని లెఫ్టినెంట్ జాన్ బార్కర్ తన డైరీలో, తాము దగ్గరకు వెళ్తుండగా అవతలి వాళ్లే ఒకటి రెండుసార్లు కాల్చారని రాసుకున్నాడు. ఆరు రోజుల తర్వాత, ఏప్రిల్ 25న ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చిన అక్కడి స్థానిక దళం మనుషులు, తాము వెనుదిరిగి చెదిరిపోతుండగా సైనికులే కాల్చారన్నారు. మొదటి తూటా ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

1991లో సామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఇదే ఘటన మీది పత్రాలను చరిత్రకారులకూ, హైస్కూల్ విద్యార్థులకూ ఇచ్చి చూశారు. చరిత్రకారులు ముందుగా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూశారు. విద్యార్థులు ఎక్కువగా పై నుంచి కిందకు చదువుకుంటూ పోయారు. కాబట్టి మీ పిల్లలకు పత్రం చదవకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి: రాసిందెవరు, ఘటన జరిగిన ఎంతకాలానికి రాశారు, ఎవరు చదువుతారని రాశారు. తన కోసం రాసుకున్న డైరీకీ, ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలానికీ తేడా అప్పుడే కనబడుతుంది. ఇందులో జరిగే పొరపాటు ఏమిటంటే, "ఇద్దరూ పక్షపాతంతోనే రాశారు, కాబట్టి ఏదీ నమ్మలేం" అని పిల్లలు చేతులు దులిపేసుకుంటారు. అక్కడ ఆపనివ్వకండి. "ఇద్దరూ ఒప్పుకున్న విషయాలేమిటి?" అని అడగండి. తెల్లవారుజామున రెండు పక్షాలూ ఎదురుపడ్డాయి, తుపాకులు పేలాయి, ఇంత వరకు ఎవరూ కాదనలేదు. ఆ గట్టి నేల మీద నిలబడి మిగతాది వాదించుకోమనండి.

మీ సీనియర్ల సలహాలకు వద్దాం. నవ్వకుండా ఉండటం, ఆటలాడించడం రెండూ కొత్త పిల్లల ముందు ఏదో ఒక మేరకు పనిచేయవచ్చు. మీ పిల్లలకు మీరు కొత్త కాదు. నాలుగు నెలలు చూసిన టీచర్ ఒక్కసారిగా మొహం గంటు పెట్టుకుంటే, పోయిన సెమిస్టర్‌కి తమ మీద కోపం తీర్చుకుంటున్నారని అనుకుంటారు. వారమంతా ఆటలైతే, హోంవర్క్ ఎలాగూ నడవదని తేల్చేసుకుంటారు. వాళ్లకు ఉన్న సందేహం ఒకటే: ఈసారి ఏమైనా మారుతుందా? దానికి మొదటి పీరియడ్‌లోనే జవాబు దొరకాలి.

పేర్లు లేని చీటీలు పంచి ఐదు నిమిషాలు ఇవ్వండి. పోయిన సెమిస్టర్‌లో నేర్చుకోవడానికి సాయపడింది ఏమిటి, అడ్డుపడింది ఏమిటి, రెండే ప్రశ్నలు. మీ గురించి కటువుగా కొన్ని వస్తాయి, సిద్ధంగా ఉండండి. ఆ వెంటనే మిగతా పీరియడ్ అసలు పనిలో పెట్టండి: ఒకటిన్నర పేజీల కథో, పైన చెప్పిన పత్రాలో చదివించి, రాయించి, మాట్లాడించండి. మూడో రోజులోపు చీటీల్లో ఏముందో తరగతికి చెప్పండి. "పేపర్లు ఆలస్యంగా వచ్చాయన్నారు, ఇకపై ఏడు రోజుల్లో వస్తాయి. చదవాల్సింది ఎక్కువన్నారు, తగ్గించాను. ఎస్సేలే వద్దన్నారు కొందరు, అవి ఉంటాయి." మార్చలేనిది మార్చలేనని చెప్పినప్పుడే మార్చినదాన్ని నమ్ముతారు. చీటీలు తీసుకుని మళ్లీ ఆ ఊసెత్తకపోవడం మాత్రం అడగకపోవడం కంటే అన్యాయం.

మారేవి మూడుకు మించొద్దు. బెల్లు కొట్టగానే బోర్డు మీద ప్రశ్నలు ఉండటం అందులో ఒకటిగా పెట్టుకోండి. నిన్నటి పాఠం నుంచి రెండు, పోయిన వారం నుంచి ఒకటి, నోట్సు చూడకుండా మూడు నిమిషాల్లో రాయాలి, మార్కులు లేవు. మళ్లీ చదువుకోవడం కంటే గుర్తుచేసుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో చూపించారు. పైగా మీరు హాజరు తీసుకునేలోపు తరగతి సద్దుమణుగుతుంది.

సున్నాల సంగతి క్లుప్తంగా. ఐదు పనుల్లో నాలుగింటికి 80 చొప్పున తెచ్చుకుని ఒకటి ఇవ్వని పిల్లాడి సగటు 64కి పడిపోతుంది. రోజుకు 10 శాతం కోత అయితే పదో రోజుకు మిగిలేది సున్నాయే, ఇక రాయడానికి కారణమే ఉండదు. ఇవ్వని పనికి సున్నా బదులు 50 వేయడం కొన్ని చోట్ల ఉంది. సగటు కాపాడుతుంది గానీ, కష్టపడి 55 తెచ్చుకున్నవాళ్లకు మింగుడుపడదు. ప్రతి పెద్ద ఎస్సేకి వారం రోజుల అదనపు గడువు, 10 శాతం ఒకేసారి కోత, అప్పటిదాకా పట్టికలో "అసంపూర్ణం", ఆ తర్వాతే సున్నా: ఇదైతే దారి మూసుకుపోదు, మీకు సెమిస్టర్ చివర్లో పాత కట్టలు కూడా రావు. ఇందుకు మీ స్కూలు నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి.

ఏఐ విషయంలో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోకండి. ఓపెన్‌ఏఐ తాను తయారుచేసిన అలాంటి సాధనాన్నే కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు స్వయంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాతలని ఈ సాధనాలు పొరబడ్డాయి. చిన్న చిన్న, తెలిసిన మాటలతో జాగ్రత్తగా రాసే పిల్లలే ఎక్కువగా దొరికిపోతారన్నమాట. అన్నీ క్లాసులోనే చేత్తో రాయిస్తే అనుమానం పోతుంది, కానీ పీరియడ్లు ఖర్చవుతాయి, నెమ్మదిగా రాసేవాళ్లకు అన్యాయం జరుగుతుంది, వాళ్లకు అదనపు సమయం ఇవ్వాలి. ఇంటి దగ్గర రాయనిస్తూ దశలవారీగా తీసుకోవడం ఇంకో దారి: ఒక రోజు ప్రశ్న, ఆధారాల జాబితా, నాలుగు రోజులకు చిత్తుప్రతి, ఆపైన చివరి ప్రతి. ఏఐని ఏ దశలో వాడొచ్చో, వాడితే ఎలా చెప్పాలో కాగితం మీద స్పష్టంగా ఉండాలి. మొదటి వారంలో క్లాసులో రాసిన పేజీలు దాచి ఉంచండి, ఒక్కొక్కరి రాత ఎలా ఉంటుందో తెలుస్తుంది. అయినా అనుమానం వస్తే, విడిగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆ ఎస్సే గురించే మాట్లాడండి. "ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నావు? ఈ పేరా మొదట ఎలా ఉండేది?" రాసినవాళ్లు చెప్పగలరు, తడబడుతూనైనా.

ఆ అబ్బాయితో ఏం చేయాలన్నది మీరు సూటిగా అడగలేదు, కానీ ఉత్తరంలో ఎక్కువ చోటు అతనికే ఇచ్చారు. ఊరుకుంటే కాలమే సర్దుతుందనుకోవచ్చు. కానీ అతను ఇంకో 18 వారాలు మీ ముందే కూర్చోవాలి. పాత ఎస్సేని మళ్లీ విచారించవచ్చు. ఇన్నాళ్ల తర్వాత తేలేదేమీ ఉండదు, గాయం మాత్రం రేగుతుంది. మూడోది, విడిగా కలిసి, అందరి ముందు అడగడం మీ తప్పేనని మీరు చెప్పడం. అనుమానం నిజమా కాదా అన్న చర్చలోకి వెళ్లకండి. "అది నిన్ను ఒంటరిగా అడగాల్సిన మాట. తరగతిలో అడిగాను, అది తప్పు. ఆ ఎస్సే సంగతి అక్కడితో ముగిసింది" అంటే చాలు. అతని నుంచి జవాబు ఆశించకండి, వెంటనే నవ్వాలని కూడా అనుకోకండి. అతను నిజంగానే ఏఐతో రాయించి ఉంటే తప్పించుకున్నట్టు అవదా అంటే, అవవచ్చు. కొత్త పద్ధతిలో అలా రాయించడం ఎలాగూ కష్టమవుతుంది కాబట్టి, ఆ ఒక్క మార్కు పోతే పోనివ్వండి. ఈ మాట తరగతిలో ఏఐ నియమాలు చెప్పే రోజుకంటే ముందే జరగాలి, వీలైతే మొదటి రోజు బెల్లుకు ముందే. తర్వాతైతే ఆ నియమాలన్నీ తన కోసమే పెట్టారని అనుకుంటాడు, మిగతా పిల్లలు కూడా అలాగే అనుకుంటారు.